నీలి చీమల రికార్డు, రెండో వైపు

కుట్టు గది,
మంగళవారం మధ్యాహ్నం

అన్నయ్యకి,

నేను కలం పట్టానంటే నువ్వు కంగారు పడతావని తెలుసు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ బావకి మోకాలు నొప్పి తప్ప కొత్త జబ్బులేవీ లేవు. ఫోన్ చేయకుండా ఉత్తరమెందుకంటే, ఫోన్‌లో నేను అసలు సంగతికి వచ్చేసరికి నువ్వేదో జోకు వేస్తావు. నేను నవ్వేస్తాను. చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోతుంది. ఇన్నేళ్లుగా ఇదే వరస. కాగితమైతే మధ్యలో అడ్డు తగలదు కదా అని.

పోయిన వారం ఒక కొట్టుకి కర్టెన్ల కొలతలు తీసుకోవడానికి వెళ్లాను. పాత గ్రామఫోన్ రికార్డులు అమ్మే కొట్టు. పడమటి ఎండ నేరుగా అరల మీద పడి రికార్డులు వంగిపోతున్నాయట, మందపాటి గుడ్డ కావాలంది కొట్టావిడ. నా వయసే ఉంటుంది. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని గదంతా వెతుక్కుంటోంది. నేను స్టూలెక్కి కిటికీకి టేపు పట్టాను. ఆవిడ కాలక్షేపానికి ఒక రికార్డు పెట్టింది.

మొదట నీళ్ల చుక్కలు. ఖాళీ బకెట్లో ఒక్కొక్కటే పడుతున్నాయి. మూడో చుక్కకే నాకు తెలిసిపోయింది అన్నయ్యా. అది మన స్నానాల గదిలో బకెట్. నువ్వు నన్ను పూటంతా కుళాయి తిప్పుతూ నిలబెట్టావు, "ఇంకొంచెం నెమ్మదిగా, ఇంకొంచెం దిగులుగా" అంటూ. కుళాయికి దిగులేమిటని నేను నవ్వితే ఆ చుక్కలన్నీ పాడై మళ్లీ మొదలెట్టాం. ఆ చుక్కల మీదే నీ గిటారు ఎక్కడో నీళ్ల అడుగు నుంచి లేచి వచ్చింది. నా చేతిలో టేపు జారిపోయింది.

"ఏమైందమ్మా?" అంది ఆవిడ.

"ఏం లేదండీ, కొలత మర్చిపోయాను" అన్నాను.

కవరు చేతికిచ్చింది. నీలి చీమల వరస. బంగాళాదుంప సగానికి కోసి, చీమ ఆకారం చెక్కి, సిరాలో ముంచి మనం వంటగదిలో అచ్చులు వేసిన చీమలే. వెనక అట్ట మీద కింది మూల ఒక నీలి వేలిముద్ర కూడా ఉంది. నా బొటనవేలు దాని మీద పెట్టి చూశాను. సూదిపోట్లతో గరుకెక్కింది గానీ గీతలవే.

ఇలాంటి సంగీతాన్ని సైకెడెలిక్ రాక్ అంటారట. 'గాజు గొడుగు' అనే ఈ బృందం ఎవరిదో తెలుసుకోవాలని ఆవిడ ఆరేళ్లుగా తిరుగుతోందట. "మా అన్నయ్యదేనండీ" అన్నాను. ఆవిడ నెత్తి మీది కళ్లజోడు కళ్లకి దించుకుని నన్ను మళ్లీ చూసింది.

మూడు వందల కాపీలు మళ్లీ వేయాలని ఆవిడ కోరిక. మొదటి వైపు ఈ రికార్డులోంచే తీయొచ్చట. రెండో వైపు మీద లోతైన గీత పడి ముల్లు నిలవడం లేదు, అసలు టేపు ఉంటే తప్ప కుదరదంది. టేపు సంగతి నాకు తెలియదన్నాను. రెండో వైపు ఏముందని అడిగితే గుర్తు లేదన్నాను. నీ చిరునామా ఇచ్చి వచ్చేశాను. తప్పయితే తిట్టు.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

చెల్లి

*

రేవు క్వార్టర్లు,
ఆదివారం

గుసగుసమ్మకి,

ఉత్తరంలో కూడా నువ్వు మెల్లిగానే మాట్లాడతావే! అక్షరాలు అంత చిన్నగా రాస్తే నా కళ్లజోడు ఏమైపోవాలి?

అరవై అడుగుల ఎత్తున, క్రేన్ గదిలో కూర్చుని చదివాను. కింద ఫోర్‌మన్ "పైన పని చేస్తున్నావా, తపస్సు చేస్తున్నావా?" అని అరిచేదాకా ఒక పెట్టె గాల్లో అలాగే వేలాడుతూ ఉండిపోయింది. బకెట్ సంగతి నేను మర్చేపోయాను. నీ దిగులు కుళాయి!

కొట్టావిడ ఉత్తరమూ వచ్చింది. బృందంలో మన డప్పుగాడు పోయి అయిదేళ్లయింది, నీకు తెలుసో లేదో. మిగతా ఇద్దరూ ఎక్కడున్నారో తెలియదు. కాబట్టి కవరు లోపల వేయడానికి ఒక పేజీ నన్నే రాయమంది. మేమెవరం, ఎందుకు ఆగిపోయాం, అని.

రాస్తాను. ఉన్నదే రాస్తాను. రికార్డుల ఫ్యాక్టరీ వాళ్లు ముందు ఇరవై నమూనాలు తీసి, సద్దు కొంచెం సవరించి పంపమని టేపులు తిప్పి పంపారు. నెలలోపు మళ్లీ పంపాలి. ఈలోగా నా పెట్టెలోంచి రెండో వైపు టేపు మాయమైంది. నాన్నని నిలదీస్తే, నా కళ్లలోకి చూసి "అవును, నేనే" అన్నాడు. ఎందుకని అడిగితే ఒక్క ముక్క చెప్పలేదు. ప్రార్థన మందిరం పెద్ద కదా, కొడుక్కి జవాబు చెప్పడం చిన్నతనం. మొదటి వైపు టేపు నేనే ఆ కోపంలో వంతెన మీంచి నీళ్లలోకి విసిరేసి బస్సెక్కాను. మళ్లీ గిటారు ముట్టుకోలేదు.

ఆయన పోయినప్పుడు నేను రాలేదని ఊరంతా అనుకునే ఉంటారు. ఎందుకు రాలేదో మూడు వందల మంది చదువుకోనీ. టేపు కావాలంటే ఆయన్నే అడగమను.

అన్నయ్య

*

కుట్టు గది,
గురువారం

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి ఒక కర్టెన్ అంచు మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పాను.

నాన్న గురించి అలా రాయొద్దు. ఆయన లేరు. జవాబు చెప్పుకోలేని మనిషి మీద అచ్చులో రాయడం బాగుండదు. అచ్చు పని ఆయనదే కదా. నలభై ఏళ్లు ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చారు. ఒకసారి అచ్చయిన తప్పు మనిషి కంటే ఎక్కువ కాలం బతుకుతుందనేవారు.

నువ్వు వెళ్లాక ఆయన రోజూ రేవు పేపరు తెప్పించుకునేవారు. మన ఇంట్లో ఎవరికీ ఓడల సంగతులు అక్కర్లేదు. క్రేన్ ప్రమాదాల వార్తలు ఎక్కడైనా ఉన్నాయేమోనని చూసి, లేకపోతే మడిచి పక్కన పెట్టేసేవారు. నీ గిటారు ఖాళీ సంచి బీరువా మీద ఉండేది. వారానికోసారి తనే స్టూలెక్కి దుమ్ము దులిపేవారు. నేను దులుపుతానంటే ఒప్పుకునేవారు కాదు.

నేను నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ పేజీ రాయకు. కారణం మాత్రం అడగకు.

చెల్లి

*

రేవు క్వార్టర్లు,
శనివారం

చెల్లికి,

కుదరదు.

నువ్వెప్పుడూ ఆయన పక్షమే. పేపరు మడతలూ సంచి దుమ్మూ నాకు చెప్పకు. ఒక్క పోస్టు కార్డు రాయడానికి ఆయనకి చేతులు రాలేదా? పేజీ రాసేశాను. నెలాఖరుకి పంపుతున్నాను.

ఒక సంగతి మాత్రం నీకు చెప్పాలి. ఇన్నేళ్లూ చెప్పలేదు, చెబితే నువ్వు బాధపడతావని. ఆ రెండో వైపు నువ్వు విన్నావో లేదో కూడా నాకు తెలియదు. ఆ గొడవలో అడగనే లేదు.

అందులో ఉన్నది నువ్వే. రోజూ సాయంత్రం గిన్నెలు తుడుస్తూ అమ్మ నేర్పిన ప్రార్థన పాడుకునేదానివి గుర్తుందా? పైకి పాడమంటే సిగ్గుతో చచ్చిపోయేదానివి. అందుకని వంటగది కిటికీ బయట మైకు పెట్టి నీకు తెలియకుండా పట్టుకున్నాం. మొదట్లో దాన్ని చివరి నుంచి మొదటికి తిరగేసి వేశాం. ఒక్క మాటా అర్థం కాదు. అమ్మ పోయాక మన ఇల్లు అలాగే ఉండేది కదా, అన్నీ మనవే, ఏదీ తిన్నగా లేదు. తొమ్మిది నిమిషాలయ్యాక గిటారు, డప్పు, అన్నీ ఆగిపోతాయి. అప్పుడు నీ గొంతు ఒక్కటే, తిన్నగా, మొదటి మాట నుంచి చివరి మాట దాకా. ఆ చివరి నిమిషం కోసమే రికార్డంతా చేశాం. అచ్చయి వచ్చాక నిన్ను కూర్చోబెట్టి వినిపించాలనుకున్నాను.

ఆయన మాయం చేసింది దాన్ని. ఇప్పుడు చెప్పు, ఆపమని.

అన్నయ్య

*

కుట్టు గది,
సోమవారం ఉదయం

అన్నయ్యా,

ఆ టేపు మాయం చేసింది నాన్న కాదు. నేను.

ఈ వాక్యం రాసి లేచి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి చూసి వచ్చాను. ఇక ఆగకుండా రాస్తాను.

నమూనాలు వచ్చిన రోజు నువ్వు ఇంట్లో లేవు. మన రికార్డు కదా అని ఆశగా నేనే విప్పి పెట్టుకున్నాను. మొదటి వైపు బకెట్ చుక్కలు విని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. రెండో వైపు తిప్పాను. నా గొంతే అది. మాటలు మాత్రం వెనక్కి నడుస్తున్నాయి. ఎక్కడ ఊపిరి పీలుస్తానో నాకు తెలుసు కాబట్టి అది అమ్మ ప్రార్థనేనని పట్టుకోగలిగాను. దేవుడి మాటలు తిరగేసి, నవ్వులాట చేసి, నా నోటితోనే అనిపించావనుకున్నాను. అమ్మని కూడా వెక్కిరించావనుకున్నాను. రెండు నిమిషాలకి ముల్లు ఎత్తేశాను. రెండే నిమిషాలు. మిగతాది ఇప్పటిదాకా వినలేదు. నీ ఉత్తరంలో చదివాకే తెలిసింది అక్కడ ఏముందో.

ప్రార్థన మందిరానికి రాలేని జబ్బు మనుషుల కోసం వారం వారం అక్కడి ప్రార్థన టేపులో పట్టి ఇళ్లకి పంపే పని నాదే కదా. ఆ వారం మందిరం టేపు బదులు నీ టేపు ఎక్కించాను. మంచి మాటలు పైన పడితే చెడ్డవి పోతాయనుకున్నాను. పదిహేడేళ్ల తెలివి. ఆ రోజు ప్రార్థన చేయించింది నాన్నే. అయ్యాక నా దగ్గరికి వచ్చారు. బల్ల మీద నీలి చీమ గుర్తున్న డబ్బా చూశారు. నా మొహం చూశారు.

నువ్వు ఆయన్ని నిలదీసినప్పుడు నేను తలుపు వెనక ఉన్నాను. ఆయనకి నేను కనిపిస్తున్నాను, నీకు కనిపించడం లేదు. "అవును, నేనే" అని నన్ను చూస్తూ అన్నారు అన్నయ్యా, నీ కళ్లలోకి చూస్తూ కాదు. నువ్వు సరిగ్గా గుర్తుపెట్టుకోలేదు.

నువ్వు వెళ్లిపోయిన మర్నాడు ఆయన కాళ్ల మీద పడ్డాను. ఎందుకు చేశావని అడిగారు. "ప్రార్థనని తిరగేశాడు నాన్నా" అన్నాను. తన వేళ్లకి అంటిన సిరా చూసుకున్నారు. "ప్రెస్సులో నేను రోజంతా తిరగేసిన అక్షరాలే చదువుతానమ్మా. అచ్చయ్యాక కదా తిన్నగా ఉందో లేదో తెలిసేది. చివరి దాకా విన్నావా?" అన్నారు. లేదన్నాను. నేనే నీకు చెబుతానంటే, "వాడికి నా మీద కోపం ఎప్పటికైనా తగ్గుతుంది. నీ మీదైతే తల్లి మీద వచ్చినట్టు ఉంటుంది, తట్టుకోలేడు. వద్దు" అన్నారు.

ఆ వద్దు నాకు అనుకూలంగా ఉంది. అందుకే విన్నాను. ఆయన మాటకి కట్టుబడి ఊరుకున్నానని ఇన్నేళ్లు దేవుడికి చెప్పుకున్నాను. దేవుడు నమ్మి ఉండడు. ఆయన పోయిన రోజు కూడా నీకు ఫోన్ చేసి, "నువ్వు రాకపోయినా ఫరవాలేదు అన్నయ్యా" అని నేనే అన్నాను. గుర్తుందా? వస్తే నీ మొహం చూడలేక.

ఇప్పుడు ఆ పేజీలో పేరు మార్చు. నా పేరు రాయి.

చెల్లి

*

రేవు క్వార్టర్లు

అందింది. ఇప్పుడేమీ రాయలేను. నువ్వూ రాయకు. ఫోన్ చేయకు.

*

కుట్టు గది,
బుధవారం

అన్నయ్యా,

వద్దన్నావు. ఏడు వారాలు ఊరుకున్నాను. ఇది నీకు తెలియాల్సిన సంగతి కాబట్టి రాస్తున్నాను. చదివాక చించేసినా సరే.

మందిరం బీరువాలో ఆ డబ్బా ఇంకా ఉంది. పాత పాటల పుస్తకాల వెనక, నా చేతి రాతతో తేదీ వేసి. కొట్టావిడ దగ్గరికి తీసుకెళ్లాను. పెద్ద మిషను మీద ఎక్కించి, రెండు చెవులకీ పెట్టుకునేది నా తలకి తగిలించింది.

ఎడమ చెవిలో మందిరం. కుర్చీలు జరుగుతున్న చప్పుడు. తర్వాత నాన్న.

కుడి చెవిలో నేను.

ఆవిడ విడమరచి చెప్పింది. మందిరం మిషను చిన్నదట, టేపు వెడల్పులో ఒక వారనే రాసిందట. రెండో వార ముట్టుకోలేదు. నువ్వు కుడి వైపు నా గొంతూ డప్పూ పెట్టి, ఎడమ వైపు నీ గిటారు ఒక్కటే పెట్టావట. పోయింది నీది. మిగిలింది నాది. దేవుడి ముందు ఎన్నోసార్లు తల వంచాను గానీ అంత కిందికి ఎప్పుడూ వంచలేదు.

చివరి దాకా విన్నాను. తొమ్మిది నిమిషాలూ. తర్వాత ఆ నిమిషం. ఒక్క మాట పోలేదు. నేను గిన్నె బోర్లించిన చప్పుడు కూడా ఉంది. దాన్ని ఎందుకు ఉంచావు అన్నయ్యా? ముప్పై మూడేళ్ల కిందటి నేను, ఎవరూ వినడం లేదనుకుని ఎంత హాయిగా పాడుకుందో.

అదే సమయానికి ఎడమ వైపు నాన్న దగ్గారు. నీకు గుర్తుందా ఆ దగ్గు, పెద్ద మాట చెప్పే ముందు వచ్చేది? "ఇల్లు దాటాలని ఉన్న పిల్లల్ని కూడా చల్లగా చూడు. వాళ్ల చప్పుడు మాకు అర్థం కాకపోతే లోపం మా చెవిదే" అన్నారు. అప్పుడు నేను మిషను పక్కనే కూర్చున్నాను. నా చేత్తోనే పట్టాను. విన్నట్టే గుర్తు లేదు.

చెల్లి

*

రేవు క్వార్టర్లు,
ఆదివారం

గుసగుసమ్మకి,

కొట్టావిడ నకలు పంపింది. ఎడమ వైపు ముందు విన్నాను. దగ్గు దగ్గరే ఆపేశాను. నాలుగు రోజులు పట్టింది మిగతాది వినడానికి.

నిన్ను క్షమించేశానని రాస్తే అబద్ధమవుతుంది. కోపం ఉంది. నువ్వు చెరిపినందుకు కాదు, పదిహేడేళ్ల పిల్ల ఏదైనా చేస్తుంది. ఆయన పోయినప్పుడు నన్ను రానివ్వనందుకు. అది ఉంటుంది. ఎన్నాళ్లో తెలియదు. ఉన్నా ఉత్తరాలు రాయొచ్చనుకుంటున్నాను.

ఆ పేజీ చించేశాను. నీ పేరు పెట్టి కూడా రాయలేదు. మూడు వందల మందికి మన ఇంటి పంచాయితీ ఎందుకు? నాలుగు ముక్కలు పంపాను: "రెండో వైపు టేపు మా ఇంట్లో పాడైంది. ఎడమ చెవికి ఖాళీగా వినిపించే చోట నా గిటారు ఉండేది. పాడింది నా చెల్లెలు, తనకి తెలియకుండా." నాన్న గొంతు అందులో వేయొద్దన్నాను. అది బయటివాళ్లది కాదు.

గిన్నె చప్పుడు ఎందుకు ఉంచానంటే, అదొక్కటే తాళం తప్పకుండా పడింది. డప్పుగాడు ఒప్పుకునేవాడు కాదు.

వచ్చే నెల నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఒక సంగతి అడగడానికి సిగ్గుగా ఉంది. నాన్నని ఎక్కడ ఉంచారు? అమ్మ దగ్గరే అయినా నాకు ఇప్పుడు దారి గుర్తు లేదు.

అన్నయ్య

*

కుట్టు గది,
శుక్రవారం

అన్నయ్యకి,

స్టేషన్ దిగి ఎడమకి తిరుగు. పాత ప్రెస్సు గోడ వెంటే నడిస్తే అది ఆగిపోయే చోట ఇనుప గేటు ఉంటుంది. కుడి రెక్క బిగుసుకుపోతుంది, ఎడమది నెట్టు. లోపల మూడో వరస, నీళ్ల కుళాయి పక్కన. కుళాయి సరిగ్గా కట్టదు, చుక్కలు పడుతుంటాయి. అది వింటూ నడిస్తే ఎవరినీ అడగక్కర్లేదు. రాతి మీద అక్షరాలు ఆయన ప్రెస్సువాళ్లే దగ్గరుండి చెక్కించారు, తప్పుల్లేవు. పక్కనే అమ్మ.

మొదటి రోజు నేను రాను. నువ్వు ఒక్కడివే వెళ్లు. ఆయనతో ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండు. తర్వాత ఇంటికి రావాలనిపిస్తే రా. అనిపించకపోతే స్టేషన్‌కే వెళ్లిపో, నేను ఏమీ అనుకోను. అనుకుంటాను గానీ, అనను. గిటారు సంచి బీరువా మీదే ఉంది. నిన్న నేనే దులిపాను. ఇప్పుడు వద్దనేవాళ్లు లేరు.

కొట్టుకి కర్టెన్లు కట్టేశాను. ఎండ ఇక రికార్డుల మీద పడదు.

చివరిగా ఒక మాట. ఈ ఉత్తరాలన్నీ నీ దగ్గరే ఉంచు. చించకు. కొట్టావిడ ఎంత అడిగినా చూపించకు, మీ బావకి కూడా వద్దు. నా తప్పు దాచమని కాదు. ఇన్నేళ్లు నాన్న ఎవరికీ చూపించకుండా దాచింది ఇందులో ఉంది. దాన్ని ఇప్పుడు మనమిద్దరం దాచాలి.

చెల్లి